వ్యంగ్య చిత్రంలో రాచదుస్తులు

రాజకీయ వ్యంగ్య చిత్రకారులు తమ కాలపు మనుషులకు పాతకాలపు దుస్తులు ఎందుకు తొడుగుతారు? మంత్రిని రోమన్ చక్రవర్తిగానో, మొగలాయి పాదుషాగానో, వీధి నాటకంలో రాజుగానో చూపిస్తే మనం ఎందుకు నవ్వుతాం? నేను కళాశాలలో చరిత్ర పాఠాలు చెప్పి బతికేవాణ్ణి. పాత పత్రికల సంపుటాలు తిరగవేయడం నా అలవాటు. అందువల్ల ఈ ప్రశ్న నన్ను చాలాకాలంగా వెంటాడుతున్నది. మామూలుగా చెప్పే జవాబు ఒకటి ఉన్నది: కిరీటం కనబడగానే అధికారమనీ, కవచం కనబడగానే యుద్ధమనీ పాఠకుడికి తెలిసిపోతుంది, చిత్రకారుడికి శ్రమ తగ్గుతుంది అని. ఈ జవాబు అబద్ధం కాదు గాని, చాలదు. దుస్తులు ఒక విషయాన్ని సులభంగా చెబుతాయి, నిజమే. ఆ సులభం కోసం ఏ విషయాన్ని కప్పిపెడుతున్నాయన్నది కూడా మనం అడగాలి. పాత దుస్తులు అధికారం గుట్టు విప్పగలవు. అదే అధికారానికి మరుగు కూడా కాగలవు. ఈ రెండింటినీ వేరుచేసి చూడడం తెలియకపోతే మనం నవ్వకూడని చోట నవ్వుతాం.

మొదటి పనికి, అంటే గుట్టు విప్పే పనికి, నాకు తెలిసిన మంచి ఉదాహరణ ఇంగ్లీషు నవలాకారుడు థాకరే వేసిన బొమ్మ. 1701లో రిగో అనే చిత్రకారుడు ఫ్రాన్సు రాజు పద్నాలుగవ లూయీ నిలువెత్తు చిత్రం వేశాడు. లిల్లీ పూల గుర్తులున్న పట్టాభిషేక వస్త్రం, కొండంత విగ్గు, ఎర్ర మడమల జోళ్లు. ఆ చిత్రం చూసినవాడికి రాజంటే ఇలాగే ఉండాలనిపిస్తుంది. థాకరే 1840లో ప్రచురించిన 'పారిస్ స్కెచ్ బుక్'లో దానికి జవాబా అన్నట్టు మూడు బొమ్మలు పక్కపక్కన వేశాడు. మొదటి బొమ్మలో మనిషి లేడు. విగ్గూ, వస్త్రమూ, జోళ్లూ మాత్రం వాటంతట అవే నిలబడి ఉన్నాయి. రెండవ బొమ్మలో బట్టతల, బొజ్జ, సన్నని కాళ్లు గల ముసలివాడొకడు ఉన్నాడు. మూడవ బొమ్మలో ఆ ముసలివాడు ఆ దుస్తులలోకి దూరాడు, రాజు తయారయ్యాడు. ప్రజలు ఇంతకాలం మొక్కినది మనిషికి కాదు, దర్జీవాడి పనితనానికి అని ఇంతకంటె తేటగా చెప్పిన గ్రంథం నేను చదవలేదు. అయితే ఒక మాట. లూయీ 1715లో చనిపోయాడు. చచ్చి 125 ఏళ్లయిన రాజు బట్టలు విప్పడానికి పెద్ద ధైర్యం అక్కర్లేదు.

బతికి ఉన్న పాలకుడి సంగతి వేరు. 1804 డిసెంబరు 2న నెపోలియన్ చక్రవర్తిగా కిరీటం పెట్టుకున్నాడు. నెల తిరిగేసరికి, 1805 జనవరి 1న, లండన్‌లో గిల్‌రే ఆ ఊరేగింపు బొమ్మను వెలువరించాడు. అందులో పిట్టంత నెపోలియన్ తన కొలతకు మించిన రాచవస్త్రాలలో మునిగిపోయి ఉంటాడు. బొమ్మ చాలా గొప్పది. అందులో సందేహం లేదు. కాని దీనికీ థాకరే బొమ్మకూ ఒక మౌలికమైన భేదం ఉన్నది. థాకరే బొమ్మ రాజంటే దుస్తులేనంటుంది. గిల్‌రే బొమ్మ ఈ దుస్తులు ఇతనికి నప్పలేదంటుంది. నప్పలేదనే నవ్వు వెనక, నప్పేవాళ్లు వేరే ఉన్నారనే నమ్మకం ఉంటుంది. వంశపారంపర్యంగా వచ్చిన రాజుకు కిరీటం సహజమనీ, కిందినుంచి ఎదిగి వచ్చినవాడికి అది అసహజమనీ ఆ నవ్వు ఒప్పుకుంటుంది. గిల్‌రే తన దేశపు మూడవ జార్జిని కూడా అపహాస్యం చేశాడు, అది మరవకూడదు. అదే గిల్‌రేకు 1797 నుంచి కొన్నేళ్లు పిట్ ప్రభుత్వం ఏడాదికి 200 పౌన్ల భరణం రహస్యంగా ముట్టజెప్పింది. అది కూడా మరవకూడదు.

మరి పాలకుడే రాచదుస్తులు వదిలేస్తే? ఫ్రాన్సులో అదే జరిగింది. 1830 జూలై విప్లవం తరువాత గద్దెనెక్కిన లూయీ ఫిలిప్ తెలివైనవాడు. రాచవస్త్రాలు పక్కనబెట్టి, షావుకారులాగా కోటు తొడుక్కుని, చేత గొడుగు పట్టుకుని, పౌరుల రాజునని పేరు తెచ్చుకున్నాడు. గద్దెనెక్కింది బాంకుల యజమానులూ, పెద్ద వర్తకులూ. వాళ్ల దుస్తులే రాజు దుస్తులయినాయి. విప్పడానికి రాచవస్త్రమే లేనప్పుడు చిత్రకారుడు ఏం చేయాలి? 'ల కరికతూర్' పత్రిక నడిపిన ఫిలిపోన్ రాజు తలను బేరిపండుగా మార్చాడు. 1831లో తన మీద కేసు నడిస్తే, తల ఎలా క్రమంగా పండవుతుందో కోర్టులోనే నాలుగు బొమ్మలు వేసి చూపించాడు. అదే పత్రికలో పనిచేసిన దోమియే, 16వ శతాబ్దపు రచయిత రాబ్లే సృష్టించిన గర్గాంతువా అనే తిండిపోతు రాక్షసుడిగా రాజును చిత్రించాడు. పేదలు బుట్టల్లో మోసి తెచ్చిన నాణేలు రాజు నోట్లోకి పోతుంటాయి. కింద కూర్చున్నవాళ్లకు బిరుదులు రాలుతుంటాయి. ఈ బొమ్మకు 1832లో దోమియేకు ఆరు నెలల జైలుశిక్ష పడింది. కిరీటం గీస్తే నవ్వి ఊరుకునే ప్రభుత్వం, డబ్బు వచ్చే దారీ పోయే దారీ గీస్తే ఊరుకోలేదు. ఇది మనం గుర్తుంచుకోవలసిన పాఠం.

1835 సెప్టెంబరు చట్టాలతో ముందుగా అనుమతి లేకుండా ఏ బొమ్మా అచ్చువేయరాదన్నారు. అప్పుడు దోమియే పాత దుస్తులను తలకిందులుగా వాడుకున్నాడు. 1841 చివరి నుంచి 1843 దాకా 'షారివరీ' పత్రికలో ప్రాచీన గ్రీకు వీరుల మీద 50 బొమ్మలు వేశాడు. శిరస్త్రాణాలూ, డాళ్లూ, ఈటెలూ అన్నీ ఉన్నాయి. వాటి కింద ఉన్న శరీరాలు మాత్రం పారిస్ వీధుల్లో కనబడే బొజ్జలూ, వంగిన మోకాళ్లూ. బూర్జువా వర్గం తన పిల్లలకు బళ్లలో నేర్పే ఘనత అంతా ఆ గ్రీకు దుస్తుల్లో దాగి ఉన్నది. దోమియే వర్తమానానికి పాత దుస్తులు తొడగలేదు; పాత దుస్తుల్లో వర్తమానాన్ని పట్టుకున్నాడు.

ఈ విషయాన్ని సిద్ధాంతంగా చెప్పినవాడు మార్క్స్. 1851 డిసెంబరు 2న, అంటే సరిగ్గా పెదతండ్రి పట్టాభిషేకం జరిగిన తేదీనాడే, లూయీ బోనపార్టి కుట్రతో అధికారం చేజిక్కించుకున్నాడు. మరుసటి ఏడు వెలువడిన 'లూయీ బోనపార్టి పద్దెనిమిదవ బ్రూమేర్'లో మార్క్స్ దాన్ని నాటకరంగపు మాటల్లోనే చర్చించాడు. 1789 నాటి విప్లవకారులు రోమన్ వేషం కట్టారు. చేయవలసిన పని నిజంగా పెద్దది గనుక ఆ వేషం వాళ్లకు బలాన్నిచ్చింది. పని పూర్తికాగానే వేషం రాలిపోయింది. 1851 నాటివాడు పెదతండ్రి టోపీ పెట్టుకున్నది చేయవలసిన పని ఉండి కాదు. టోపీ తప్ప తనకు వేరే పెట్టుబడి లేక. దాదాపు ఆ కాలంలోనే దోమియే రతపోయిల్ అనే కిరాయి బోనపార్టీవాది బొమ్మను మట్టితో చేశాడు. చొట్టబోయిన టోపీ, పాతబడిన పొడుగు కోటు, మెలితిప్పిన మీసం, చేత దుడ్డుకర్ర. గ్రంథంలో ఉన్నదే బొమ్మలో ఉన్నది. ఇద్దరి దృష్టీ వేషం నప్పిందా లేదా అన్నదాని మీద లేదు. వేషం ఏ పని చేస్తున్నది, ఎవరి కోసం చేస్తున్నది అన్నదాని మీద ఉన్నది.

ఇక మన దేశం మాట వచ్చిన చోటికి వద్దాం. లండన్‌లో 'పంచ్' పత్రిక హాస్యానికి ప్రసిద్ధి కెక్కింది. 1857 సెప్టెంబరు 12న అందులో టెన్నియల్ వేసిన బొమ్మ పేరు 'న్యాయం'. ప్రాచీన గ్రీకు రోమన్ దేవతల్లాగా బట్టలు ధరించిన స్త్రీమూర్తి కత్తి ఎత్తి సిపాయిలను నరుకుతూ ఉంటుంది. ఆ సిపాయిల వెనక మన స్త్రీలూ పిల్లలూ ఏడుస్తూ ఉంటారు. ఇందులో హాస్యం లేదు. ఆ బొమ్మలో కత్తి పట్టినది కంపెనీ సైన్యాధికారి అయివుంటే, ఎర్రకోటుతో ఉండివుంటే, చూసేవాడికి కనీసం ఇది యుద్ధమనీ, యుద్ధానికి రెండు పక్షాలుంటాయనీ తోచేది. దేవత బట్టలు తొడిగేసరికి ఊచకోత ధర్మమైపోయింది. పాత దుస్తులు నెత్తురు మరకలు కనబడకుండా ఉతికి ఇస్తాయి. నేను ఈ బొమ్మను ప్రతి సంవత్సరం తరగతిలో చూపిస్తాను. విద్యార్థులు మొదట ఆ స్త్రీమూర్తి అందాన్నే చూస్తారు. కింద పడ్డవాళ్లను తరువాత చూస్తారు. బొమ్మను ఆ వరుసలోనే చూడాలని టెన్నియల్ గీశాడు.

అదే టెన్నియల్ 1876 ఏప్రిల్ 15న మరొక బొమ్మ వేశాడు. ప్రధానమంత్రి డిజ్రేలీ అల్లావుద్దీన్ కథలోని వర్తకుడిలాగా తూర్పుదేశపు దుస్తులు వేసుకుని, విక్టోరియా రాణికి పాత కిరీటం తీసుకుని కొత్త కిరీటం ఇస్తానంటాడు. కొత్తది భారత సామ్రాజ్ఞి కిరీటం. పైకి చూస్తే సామ్రాజ్యాన్ని వెక్కిరించినట్టే ఉంటుంది. కాని దెబ్బ తగిలింది సామ్రాజ్యానికి కాదు. యూదు కుటుంబంలో పుట్టిన డిజ్రేలీకి తూర్పుదేశపు అంగీ తొడిగి, ఇతడు మనవాడు కాదని పాఠకుడికి సైగ చేశారు. దోచుకోవడంలో తప్పు లేదు, బేరం పెట్టినవాడి పుట్టుకలోనే తప్పున్నదన్నట్టు. ఆ కిరీటం పండుగ 1877 జనవరి 1న ఢిల్లీ దర్బారులో జరిగింది. మన సంస్థానాధీశులకు మధ్యయుగపు ఐరోపా పద్ధతిలో చిహ్నాలు తీర్చిన పట్టు పతాకాలు పంచిపెట్టారు. ఎన్నడూ లేని పాత చరిత్రను దర్జీల చేత కుట్టించి మనవాళ్ల చేతికిచ్చారు. ఆ రోజుల్లోనే బళ్లారి, కర్నూలు, కడప జిల్లాల్లో కరువుకు జనం చస్తున్నారు. 'పంచ్' బొమ్మను విమర్శించేవాడు ఈ రెండు సంగతులూ పక్కపక్కన పెట్టకపోతే విమర్శ పూర్తికాదు.

టెన్నియల్‌కు 1893లో సర్ బిరుదు వచ్చింది. అతని తరువాత ఆ పీఠం సాంబోర్న్‌కు దక్కింది. సాంబోర్న్ పనితీరు తెలుసుకోదగినది. 'పంచ్' సంపాదకవర్గం బుధవారం రాత్రి విందులో బొమ్మకు విషయం తేల్చేది. రెండు రోజుల్లో బొమ్మ కావాలి. అందుకని అతడు దుస్తులు అరువుకో అద్దెకో తెచ్చి, తానే తొడుక్కుని, లేదా ఇంటి నౌకర్లకూ గుర్రబ్బండి తోలేవాడికీ తొడిగి, పెరట్లో నిలబెట్టి ఫోటోలు తీసి, వాటిని చూసి బొమ్మ గీసేవాడు. అతని ఫోటోలు దాదాపు 30,000 మిగిలాయి. లండన్‌లో స్టాఫర్డ్ టెర్రెస్‌లోని అతని ఇల్లు మ్యూజియమయింది. అద్దె దుస్తుల సాయంతో వారం వారం అచ్చయిన సామ్రాజ్య వైభవం ఆ పెరట్లో తయారయింది. దొరల దుస్తుల్లో నిలబడ్డ నౌకరు ఫోటో కాగానే వాటిని విప్పి మళ్లీ వంటింట్లోకి వెళ్లాడు. ఆ బొమ్మ కింద చిత్రకారుడి సంతకమే ఉన్నది.

ఆ పెరడు నాకు బాగా అర్థమవుతుంది. మా ఊళ్లో నాటకానికి అద్దె పెట్టె వచ్చేది. అందులో ఒకే ఒక మఖమలు కోటు ఉండేది. అది దుర్యోధనుడికీ, కృష్ణదేవరాయలకూ, ఔరంగజేబుకూ కూడా ఆ కోటే. పైన జరీ, లోపల గోనెగుడ్డ అతుకులు. రాజు వేషం ఎప్పుడూ కరణంగారి తమ్ముడిది. వాళ్ల పాలేరు ద్వారపాలకుడు. ఒక సంవత్సరం తమ్ముడికి జ్వరం వచ్చి, మాటలన్నీ వినివినీ కంఠస్థమైన పాలేరు చేత రాజు వేషం వేయించారు. తమ్ముడికంటె బాగా చేశాడని ఊరంతా అన్నది. మర్నాడు కళ్లంలో కరణంగారు, "ఏరా మహారాజా, ఎరువుతట్ట ఎత్తుతావా, మంత్రిని పిలిపించమంటావా?" అన్నారు. అందరూ నవ్వారు. అతను తట్ట ఎత్తాడు. రాజంటే దుస్తులేనన్న థాకరే మాట ఆ రాత్రి నిజమే; తెల్లవారాక నిజం కాదు. తెల్లవారాక రాజును నిలబెట్టేది భూమి. వేషం మీద నవ్వు భూమిదాకా వెళ్లకపోతే, ఆ నవ్వు కరణంగారికి కూడా ఇష్టంగానే ఉంటుంది.

మనవైపు చిత్రకారులు దీనికి అతీతులని నేననను. సోవియట్ దేశంలో కుక్రినిక్సీ అనే పేరుతో ముగ్గురు చిత్రకారులు కలిసి పనిచేశారు. 1941లో హిట్లర్ దాడి చేసినప్పుడు వాళ్లు వేసిన ఒక బొమ్మలో అతని వెనక ఓడిపోయిన నెపోలియన్‌ను నిలబెట్టారు. అది సరైన వేషం. చరిత్ర సాక్ష్యం చెప్పడానికి వచ్చింది. మరొక బొమ్మలో ఎర్రసైనికుల వెనక జారు కాలపు సేనాని సువోరోవ్‌నూ, అంతర్యుద్ధ వీరుడు చపాయెవ్‌నూ కలిపి నిలబెట్టారు. ఆనాడు ఆ బొమ్మ పోరాడేవాడికి ధైర్యం ఇచ్చింది. ఫాసిజాన్ని ఓడించడంలో దానికీ పాలున్నది. కాని ఆ సువోరోవ్ 1774లో రైతు తిరుగుబాటు నాయకుడు పుగచోవ్‌ను బందీగా తరలించినవాడు. 1794లో పోలిష్ తిరుగుబాటును అణచినవాడు. సేనాని దుస్తులు గౌరవంగా బొమ్మకెక్కినప్పుడు, సంకెళ్లు వేసుకున్న రైతు బొమ్మలోంచి తప్పుకోవలసి వచ్చింది. అవసరం గొప్పదే, అయినా ఇచ్చిన మూల్యం ఏమిటో లెక్క చెప్పుకోవడం మన విధి. శత్రువు బొమ్మకు ఒక గీటురాయి, మన బొమ్మకు ఒక గీటురాయి పెట్టుకుంటే అది విమర్శ కాదు.

ఇప్పటి మన బొమ్మల్లో నాయకుడికి కిరీటం పెట్టడం రివాజయింది. నిరంకుశుడనగానే రాజు, వారసత్వమనగానే సింహాసనం. ఇందులో ఒక ప్రమాదం ఉన్నది. కిరీటం పెట్టగానే ఈ నిరంకుశత్వం పోయిన యుగానిదనీ, ఫ్యూడల్ అవశేషమనీ అర్థం వస్తుంది. నేటి పాలకుడి బలం కోటలోనుంచి రావడం లేదు; పెట్టుబడిలోనుంచి, చట్టంలోనుంచి, ఓటుపెట్టెలోనుంచి కూడా వస్తున్నది. ఆ సంగతిని కిరీటం చెప్పదు. ఒక కళాశాలలో ఫీజులు పెంచినప్పుడు గోడపత్రిక మీద ఒక విద్యార్థి యాజమాన్యపు పెద్దను కిరీటంతో, కోరమీసంతో చాలా చక్కగా గీశాడు. ఆ పెద్దమనిషి వచ్చి, చూసి, నవ్వి, ఆ బొమ్మ తనకిమ్మని అడిగి పట్టుకెళ్లాడు. దాని పక్కనే మరొక విద్యార్థి ఫీజు రసీదును పెద్దదిగా గీసి, ఏ పద్దు కింద ఎంత గుంజుతున్నారో వరసగా రాసి అంటించాడు. దాన్ని ఆ సాయంత్రమే చింపించారు. కళాశాల పేరు అనవసరం. ఇది ఎక్కడైనా జరగగలదు.

వేషంతో అధికారాన్ని నిలదీయడం మన తెలుగువాళ్లకు కొత్త కాదు. 16వ శతాబ్దం తొలి రోజుల్లో కూచిపూడి భాగవతులు విజయనగరంలో వీరనరసింహరాయల ఎదుట సిద్ధవటం పాలకుడు సమ్మెట గురవరాజు అకృత్యాలను ఆడి చూపించారని మాచుపల్లి కైఫీయతు చెబుతున్నది. వాళ్లు గురవరాజుకు రావణుడి వేషం కట్టలేదు. గురవరాజు వేషమే కట్టారు, అతడు సొమ్ము కోసం హింసించిన ఆడవాళ్ల వేషమే కట్టారు. న్యాయం కోసం మరొక రాజును ఆశ్రయించడం ఆ యుగపు హద్దు. కాని పురాణపు దుస్తులు పెట్టెలో ఉండగా వాటిని వదిలి నిన్నటి దుస్తులు తొడుక్కోవడం వాళ్ల తెలివి.

అత్యవసర పరిస్థితి కాలంలో, 1975 డిసెంబరు 10న, 'ఇండియన్ ఎక్స్‌ప్రెస్'లో అబూ అబ్రహాం వేసిన బొమ్మ ఈ కోవలోదే. రాష్ట్రపతి స్నానపు తొట్టిలో ఉండి, సంతకం పెట్టిన ఆర్డినెన్సును తలుపు సందులోంచి అందిస్తూ ఉంటాడు. కిరీటం లేదు, సింహాసనం లేదు. అసలు బట్టలే లేవు. ఉన్నది కలం, కాగితం, సంతకం. ఆనాడు ఈ దేశంలో అధికారం ఎలా నడిచిందో అంతా అందులో ఉన్నది.

అందుచేత విద్యార్థులకు నేను చెప్పే పద్ధతి ఇది: బొమ్మలోని దుస్తులను మనసులో తీసివేసి, తరువాత ఏం మిగిలిందో చూడండి. థాకరే బొమ్మలో ఒక ముసలివాడు మిగులుతాడు. టెన్నియల్ 'న్యాయం'లో శవాలు మిగులుతాయి. చాలా బొమ్మల్లో ఏమీ మిగలదు. దోమియే 1834లో వేసిన 'ట్రాన్స్‌నొనేన్ వీధి' బొమ్మలో తీసివేయడానికి రాచదుస్తులే లేవు. ఏప్రిల్‌లో పారిస్‌లో సైనికులు ఒక కార్మికపేట ఇంట్లో చొరబడి, నిద్రలో ఉన్నవాళ్లను చంపారు. బొమ్మలో సైనికులు లేరు. మంచం పక్కన రాత్రి తొడుక్కునే చొక్కాతో ఒక మనిషి పడి ఉన్నాడు. అతని కింద ఒక పసిబిడ్డ. ఆ చొక్కా ఏ రంగస్థలపు పెట్టెలోంచీ రాలేదు. అది ఆ మనిషి సొంతం. పొద్దున్నే విప్పి పనికి వెళ్లవలసినది.